గురి శీర్షిక: ప్రైమర్ ఎంత లోతుకు దిగాలి?

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో చాలా భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. చేతి తుపాకీ తూటాలను ఇంట్లో రీలోడ్ చేసుకునేటప్పుడు, అంటే కాల్చిన ఖాళీ కేసులో కొత్త ప్రైమర్, పౌడర్, బులెట్ పెట్టి మళ్ళీ తూటాగా చేసుకునేటప్పుడు, ఇత్తడి కేసు అడుగున ఉండి తూటాకు నిప్పు అందించే ప్రైమర్‌ను ఎంతవరకు లోపలికి దింపాలన్నదే ఆ విషయం. ఉత్తరాలు రాసినవారిలో ఎక్కువమంది అమెరికాలో స్థిరపడిన తెలుగువారు. అక్కడ సొంత వాడకానికి తూటాలు రీలోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అవసరం లేదు; అమ్మకానికి చేస్తే మాత్రం తప్పనిసరి. ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ ఉత్తరాలకే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: నేను 9 మిల్లీమీటర్ల తూటాలను ప్రోగ్రెసివ్ ప్రెస్ (హ్యాండిల్ ఒక్కో ఊపుకూ అన్ని దశల పనీ చేసే రీలోడింగ్ యంత్రం) మీద రీలోడ్ చేసుకుంటున్నాను. రేంజిలో ప్రతి పెట్టెలోనూ ఒకటో రెండో తూటాలు మొదటి దెబ్బకు పేలడం లేదు. అదే తూటాను మళ్ళీ ఛేంబర్‌లో, అంటే గొట్టం వెనుక తూటా కూర్చునే గదిలో, పెట్టి కాలిస్తే పేలుతోంది. ప్రైమర్ కేసు అడుగుతో సమంగానే కనిపిస్తోంది. నాలుగు థౌ లోపలికి ఉండాలని మిత్రుడొకరు చెబుతున్నారు. ఏది సరైన లోతు? లోపం ప్రైమర్లలోనే ఉందా?
– డాలస్, టెక్సస్ నుంచి ఒక పాఠకుడు

సమాధానం: మొదటి దెబ్బకు పేలక రెండో దెబ్బకు పేలిందని మీరు రాసిన ఆ ఒక్క మాటలోనే జవాబు చాలావరకు ఉంది. ప్రైమర్ల మీద నింద వేయడానికి ముందు, అవి పూర్తిగా దిగాయో లేదో చూడాలి.

ప్రైమర్‌లో మూడు భాగాలుంటాయి. ఒకటి మెత్తని లోహపు చిన్న గిన్నె. రెండోది ఆ గిన్నె అడుగున అద్దిన పేలుడు మిశ్రమం; దానిలో ముఖ్యమైనది సాధారణంగా సీసపు సమ్మేళనమైన లెడ్ స్టిఫ్నేట్. మూడోది ఆ మిశ్రమానికి ఆనుకుని, కాళ్ళు గిన్నె అంచుకు కాస్త బయటికి చాచి ఉండే ఆన్విల్, అంటే చిన్న దాగలి. ఫైరింగ్ పిన్ వచ్చి గిన్నె వీపు మీద కొట్టినప్పుడు, పిన్నుకూ దాగలికీ మధ్య మిశ్రమం నలిగి నిప్పు పుడుతుంది. దెబ్బ తగిలినప్పుడు దాగలి కదలకుండా నిలబడాలంటే దాని కాళ్ళు ప్రైమర్ పాకెట్ (కేసు అడుగున ప్రైమర్ కూర్చునే గుంట) అడుగును గట్టిగా తన్ని ఉండాలి. కాళ్ళ కింద ఖాళీ మిగిలి ఉంటే, పిన్ను తెచ్చిన శక్తిలో కొంత ప్రైమర్‌ను లోపలికి తోయడానికే ఖర్చయిపోతుంది, మిశ్రమాన్ని నలపడానికి మిగిలింది చాలదు. తూటా పేలదు గాని, ఆ దెబ్బతో ప్రైమర్ పూర్తిగా దిగిపోతుంది. మీ చేత్తో ప్రెస్ మీద పూర్తికావలసిన పనిని ఫైరింగ్ పిన్ను పూర్తిచేస్తోందన్నమాట. అందువల్లనే రెండో దెబ్బ పనిచేస్తోంది.

ఇక కొలతల సంగతి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. నాలుగు థౌ అంటే దాదాపు ఒక ప్రింటర్ కాగితం మందం. చిన్న పిస్టల్ ప్రైమర్ దిగే పాకెట్ లోతు అమెరికా పరిశ్రమ ప్రమాణాల ప్రకారం సుమారు 0.117 నుంచి 0.123 అంగుళాల మధ్య ఉంటుంది. అంటే ఒక కేసుకూ మరో కేసుకూ ఆరు థౌల తేడా ఉన్నా రెండూ సరైనవే. ప్రైమర్ ఎత్తులో కూడా కంపెనీని బట్టి, లాట్‌ను, అంటే తయారీ విడతను, బట్టి కొద్ది తేడా ఉంటుంది. ఇప్పుడు 0.119 అంగుళాల ఎత్తున్న ప్రైమర్‌ను 0.122 లోతున్న పాకెట్‌లో కేసు అడుగుతో సరిగ్గా సమంగా దింపారనుకోండి. కంటికి అది చక్కగా కనిపిస్తుంది, వేలితో తడిమినా ఎక్కడా తగలదు, కానీ దాగలి కాళ్ళ కింద మూడు థౌల ఖాళీ ఉండిపోయింది. అదే ప్రైమర్‌ను 0.117 లోతున్న కేసులో సమంగా దింపితే కాళ్ళు అడుగును తాకి, కాస్త నొక్కుకుని కూడా ఉంటాయి. సమంగా ఉందన్న ఒకే చూపు ఒక కేసులో సరైన పనిని, మరో కేసులో సగం పనిని చూపిస్తోంది. రకరకాల కంపెనీల కేసులు కలిసిపోయిన సంచిలోంచి తీసి నింపేవారికి యాభైలో ఒకటో రెండో మొరాయించడానికి కారణం ఇదే కావచ్చు.

మీ మిత్రుడు చెప్పిన నాలుగు థౌలు తప్పు కాదు. కేసు అడుగుకంటే మూడు నుంచి అయిదు థౌల లోపలికి ఉండాలని రీలోడర్లు సాధారణంగా చెప్పుకుంటారు. అయితే ఆ అంకెను లక్ష్యంగా పెట్టుకోవద్దని నా గట్టి అభిప్రాయం. లక్ష్యం దాగలి కాళ్ళు అడుగును తాకడం, తాకిన తరువాత రవ్వంత నొక్కుకోవడం. ఆ నొక్కుడు వల్ల దాగలి మొన మిశ్రమంలోకి కొద్దిగా ఒదిగి, ప్రైమర్ దెబ్బకు సిద్ధంగా ఉంటుంది. ఆ పని సరిగ్గా జరిగితే చాలా కేసుల్లో లోతు దానంతట అదే మూడు, నాలుగు థౌల దగ్గర తేలుతుంది. అంకె ఆ పనికి ఫలితం మాత్రమే.

ప్రోగ్రెసివ్ ప్రెస్‌లో ప్రైమర్ పూర్తిగా దిగకపోవడానికి కారణాలు వెతకవలసిన చోట్లు కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే ముందు షెల్‌ప్లేట్ (ప్రెస్ మీద కేసులను పట్టి ఉంచే పళ్ళెం) బోల్టు చూడండి. అది వదులైతే ప్రైమర్‌ను నెట్టినప్పుడు కేసు పైకి లేచి ఒక పక్కకు వాలుతుంది, మీరు పెట్టిన బలం ప్రైమర్‌కు చేరదు. తరువాత షెల్‌ప్లేట్ కిందా, ప్రైమర్‌ను తోసే పంచ్ చుట్టూ పేరుకున్న మసిని, పౌడర్ గింజలను శుభ్రం చేయండి. పాత ప్రైమర్‌ను తీసేయకుండానే కేసులను కడిగి, ప్రెస్ మీదే ఒక ఊపులో పాతది తీసి కొత్తది పెట్టేవారికి పాకెట్ అడుగున మసి అలాగే ఉండిపోతుంది. చేతి తుపాకీ తూటాలకు పలుచని మసి పొర పెద్ద ఇబ్బంది కాదు. గట్టిపడి పెచ్చుకట్టిన మసి మాత్రం దాగలి కాళ్ళను అడుగు తాకనివ్వదు.

సైనిక వాడకం కోసం తయారైన కేసులు కలిశాయేమో కూడా చూడండి. కేసు అడుగున వలయంలో శిలువ గుర్తు ఉంటే అది నాటో ప్రమాణపు తూటా. ఇలాంటివాటిలో ప్రైమర్ ఊడిపోకుండా పాకెట్ అంచును లోపలికి నొక్కి బిగిస్తారు. కొన్ని వాణిజ్య కేసుల్లోనూ ఈ బిగింపు ఉంటుంది. ఆ బిగింపును నొక్కి వెడల్పు చేసే స్వేజింగ్ పనిముట్టుతో గానీ, చెక్కి తీసే రీమర్‌తో గానీ తొలగించకపోతే కొత్త ప్రైమర్ నోటి దగ్గరే బిగుసుకుంటుంది. చేతికి తగిలే ఆ బిగువునే అడుగు తాకిందని మనం పొరబడతాము. ఒకసారి తొలగిస్తే ఆ కేసుకు మళ్ళీ ఆ పని ఉండదు.

నమ్మకంగా తేల్చుకోవడానికి ఇలా చేయండి. పౌడర్, బులెట్ లేని ఖాళీ కేసులకు, మీ సంచిలో ఉన్న ప్రతి కంపెనీ కేసుకూ, ప్రైమర్ దింపి క్యాలిపర్ లోతు కడ్డీతో కొలవండి. తరువాత మరికొన్నిటికి మామూలుకంటే గట్టిగా, హ్యాండిల్ చివరి వరకూ ఒకే తీరుగా నొక్కి మళ్ళీ కొలవండి. రెండో జట్టు ఒకటి రెండు థౌలు ఎక్కువ లోతుకు వెళితే, ఇంతకాలం మీ చేయి పని పూర్తికాకముందే ఆగిపోతోందని అర్థం. లోతు ఏమాత్రం మారకుండా, మొరాయింపు కొనసాగితే అప్పుడు తుపాకీ వైపు చూడాలి: బలహీనపడిన లేదా తేలికైనదిగా మార్చిన స్ప్రింగ్, మసి పట్టిన ఫైరింగ్ పిన్ దారి. ఆ తుపాకీలో ఫ్యాక్టరీ తూటాలు కూడా మొదటి దెబ్బకు పేలకపోతే ప్రైమర్ లోతుతో సంబంధం లేదు.

రేంజిలో తూటా పేలనప్పుడు పాటించవలసిన పద్ధతిని కూడా ఇక్కడే చెప్పాలి. తుపాకీని గురి వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. ఆలస్యంగా అంటుకునే తూటాలు ఉంటాయి. వెంటనే స్లయిడ్ లాగి, తెరిచి చూడడం చాలామందికి అలవాటు. దయచేసి ఆ అలవాటు మానుకోండి.

ప్రశ్న: మీరు గతంలో గట్టిగా నొక్కమని రాశారు. గట్టిగా నొక్కితే ప్రెస్ మీదే పేలదా? లోతు ఎక్కువైతే నష్టం ఉందా?
– కొలంబస్, ఒహాయో నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: మీ భయం సహేతుకమైనదే. ఆ భయం ఉన్నవారే జాగ్రత్తగా పనిచేస్తారు. ప్రైమర్ పేలడానికి కావలసింది చురుకైన దెబ్బ. నిటారుగా, నెమ్మదిగా, ఒకే ఒత్తిడితో లోపలికి నెట్టినంత మాత్రాన సాధారణంగా పేలదు. ప్రమాదం దాదాపు ఎప్పుడూ వంకరగా జరిగినప్పుడే వస్తుంది. ప్రైమర్ పక్కకు తిరిగి పాకెట్ నోట్లో ఇరుక్కున్నా, తలకిందులుగా వచ్చినా, సైనిక కేసు బిగింపుకు తగిలి అంచు నలిగినా, చేతికి వింతగా ఏదో అడ్డు తగిలినట్లు తెలుస్తుంది. ఆ క్షణంలో బలం పెంచకుండా ఆగి, కేసును బయటికి తీసి చూడాలి. కుదుపుతో కొట్టడం, ఊపుతో హ్యాండిల్‌ను విసరడం అసలే చేయకూడదు.

లోతు ఎక్కువైతే నష్టం ఉంది, కానీ తక్కువైనప్పుడు ఉన్నంత తరచుగా కాదు. కాళ్ళు అడుగును తాకిన తరువాత కూడా విపరీతంగా నలిపితే మిశ్రమపు బిళ్ళ పగిలి దాగలి దగ్గరనుంచి రాలిపోవచ్చు. అప్పుడు ప్రైమర్ పేలకపోవచ్చు, లేదా అంటుకునే తీరు తూటా తూటాకూ మారవచ్చు. ప్రైమర్ వీపు మీద పంచ్ అంచు చిన్న వలయంగా అచ్చుపడితే ఆందోళన వద్దు. వీపు మొత్తం చదునై, గుంట పడి, అంచుల గుండ్రదనం పోయిందంటే బలం మితిమీరింది.

దీన్ని చేతికి నేర్పడానికి ప్రోగ్రెసివ్ ప్రెస్ కంటే చేతిలో ఇమిడే హ్యాండ్ ప్రైమర్ మేలు. ప్రెస్ హ్యాండిల్ పొడవు వల్ల వచ్చే బలం అడుగు తాకిన స్పర్శను మింగేస్తుంది. హ్యాండ్ ప్రైమర్‌లో బొటనవేలికి రెండు దశలు విడివిడిగా తెలుస్తాయి. మొదట గోడల వెంట జారే సమమైన రాపిడి, తరువాత అడుగు తగిలిన గట్టి ఆనిక. ఆ ఆనిక తరువాత ఇంకొక్క నొక్కు చాలు. రాపిడి అసలే లేకుండా ప్రైమర్ జారి పడిపోయే కేసు దొరికితే దాని పాకెట్ వదులైపోయింది. దాన్ని పారేయండి, అలాంటివి వరసగా ఎదురైతే మీ పౌడర్ మోతాదును ప్రచురిత లోడ్ పట్టికతో మళ్ళీ సరిచూసుకోండి.

రక్షణ కళ్ళద్దాలు పెట్టుకోకుండా ప్రైమర్‌ను ముట్టుకోవద్దు. ప్రైమర్లను కంపెనీ పెట్టెలోనే ఉంచండి. గాజు సీసాలో, మూతబిగించిన డబ్బాలో కుప్పగా పోస్తే ఒకటి పేలినప్పుడు అన్నీ ఒక్కసారే పేలుతాయి. పని అయ్యాక చేతులు కడుక్కోనిదే అన్నం దగ్గరికి, పిల్లల దగ్గరికి వెళ్ళవద్దు; పాత ప్రైమర్ల మసిలో సీసం ఉంటుంది.

ప్రశ్న: నాది .38 స్పెషల్ రివాల్వర్. నేను రీలోడ్ చేసిన తూటాలతో సిలిండర్ కొన్నిసార్లు తిరగకుండా పట్టేస్తోంది. ఇప్పటికే రెండు పెట్టెల తూటాలు తయారుగా ఉన్నాయి. వాటి ప్రైమర్లను ప్రెస్ మీద పెట్టి మరికాస్త లోపలికి నొక్కవచ్చా?
– ఎడిసన్, న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు

సమాధానం: నొక్కకూడదు. పౌడర్, బులెట్ ఉన్న తూటాలో ప్రైమర్‌ను మళ్ళీ నొక్కడం ఎట్టి పరిస్థితిలోనూ చేయరాని పని. అది పేలితే తుపాకీ గొట్టం ఆసరా లేని కేసు మీ ముఖం ముందే చిట్లుతుంది. అలాంటి తూటాలను బులెట్ పుల్లర్‌తో విప్పి, పౌడర్ తీసి, ప్రైమర్ ఉన్న ఖాళీ కేసును మాత్రమే సరిచేసుకోవాలి. రెండు పెట్టెలు విప్పడం విసుగైన పనే, అయినా మరో దారి లేదు.

ముందుగా ఏవి విప్పాలో తేల్చుకోండి. తూటాను చదునైన గాజుపలక మీద నిలబెట్టండి. అడుగు ఊగితే ప్రైమర్ పైకి పొడుచుకుని ఉంది. ఉక్కు స్కేలు అంచును కేసు అడుగు మీద అడ్డంగా పెట్టి వెలుతురుకు ఎదురుగా చూసినా తెలుస్తుంది. రివాల్వర్‌లో సిలిండర్ తిరిగేటప్పుడు తూటాల అడుగులు వెనుక ఉన్న రీకాయిల్ షీల్డ్‌ను చాలా దగ్గరగా ఒరుసుకుంటూ పోతాయి. కొద్ది థౌలు పొడుచుకున్న ప్రైమర్ కూడా అక్కడ పట్టేస్తుంది. సెమీ ఆటోమేటిక్ తుపాకీలో ఇదే ప్రైమర్, స్లయిడ్ వచ్చి మూసుకునేటప్పుడు ట్రిగ్గర్ నొక్కకముందే పేలే ప్రమాదం తక్కువే గాని, లేదని చెప్పలేము. ప్రైమర్లన్నీ సరిగ్గా ఉండి కూడా సిలిండర్ పట్టేస్తే, ఖాళీ కేసులను బయటికి తోసే ఎజెక్టర్ నక్షత్రం కింద చేరిన పౌడర్ గింజలు, ముందుకు జరిగిపోయిన బులెట్లు వంటి కారణాలు చూడండి.

మీ రివాల్వర్‌లో ట్రిగ్గర్ తేలిక కావడానికి స్ప్రింగ్ మార్పించి ఉంటే ప్రైమర్ లోతు గురించి మరింత పట్టుదలగా ఉండాలి. హ్యామర్ దెబ్బ బలహీనమైనప్పుడు దానిలో కొంచెం కూడా ప్రైమర్‌ను తోయడానికి వృథా కాకూడదు. ఇలాంటి తుపాకులున్నవారు ఫెడరల్ అనే కంపెనీ ప్రైమర్లను ఎక్కువగా ఇష్టపడటానికి కారణం అవి తేలికైన దెబ్బకూ అంటుకోవడమే.

ప్రశ్న: నేను హెచ్-1బి వీసా మీద ఉన్నాను. తుపాకీ కొనే ఉద్దేశం ఇప్పుడు లేదు. ప్రైమర్లు, ఖాళీ కేసులు కొని ప్రైమర్ దింపడం మాత్రం సాధన చేయవచ్చా?
– షార్లెట్, నార్త్ కరోలినా నుంచి ఒక పాఠకుడు

సమాధానం: కొనవద్దు. అమెరికా ఫెడరల్ చట్టం నిర్వచనంలో మందుగుండు అంటే పూర్తయిన తూటా ఒక్కటే కాదు. కేసులు, ప్రైమర్లు, బులెట్లు, పౌడర్ విడివిడిగా కూడా అందులోకే వస్తాయి. నాన్ ఇమిగ్రంట్ వీసా మీద ప్రవేశించినవారు తుపాకీని గానీ మందుగుండును గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఆ చట్టం నిషేధిస్తుంది. ఏదైనా రాష్ట్రం జారీచేసిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండడం వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మీరు ఆ మినహాయింపులోకి వస్తారో లేదో ఇమిగ్రేషన్ వ్యవహారాలు కూడా తెలిసిన న్యాయవాదిని అడిగి, ఆ తరువాతే ఒక్క ప్రైమరైనా ఇంటికి తెచ్చుకోండి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ ప్రత్యేక నిషేధం వర్తించదు.

ప్రశ్న: మా అమ్మాయి 25 మీటర్ల పిస్టల్ సాధన చేస్తోంది. తూటాల ఖర్చు భరించలేకపోతున్నాము. అమెరికాలో మావాళ్ళు రీలోడ్ చేసుకుంటున్నారు. ఇక్కడ మేమూ చేసుకోవచ్చా?
– హైదరాబాదు నుంచి ఒక తండ్రి

సమాధానం: మీ అమ్మాయి వాడే .22 తూటాకు ఈ పద్ధతి వర్తించదు. దానిలో విడిగా ప్రైమర్ ఉండదు. కేసు అడుగు అంచు బోలుగా ఉండి, పేలుడు మిశ్రమం ఆ అంచులోనే నిండి ఉంటుంది. పిన్ను అంచును నలిపితే పేలుతుంది. ఒకసారి నలిగిన అంచును మళ్ళీ వాడలేము. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్‌లో జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం గెలిచింది కూడా ఈ తరహా తూటాతోనే. ఇక అడుగు మధ్యలో విడి ప్రైమర్ ఉండే సెంటర్‌ఫైర్ తూటాల విషయానికొస్తే, మన దేశంలో 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం మందుగుండు తయారీకి లైసెన్సు కావాలి. బంధువులు అక్కడ చేస్తున్నారని ఇక్కడ మొదలుపెట్టవద్దు. ఖర్చు తగ్గించుకోవడానికి తూటా లేకుండా ట్రిగ్గర్ సాధన ఎంత చేయాలో కోచ్‌ని అడగండి; .22 పిస్టళ్ళలో చాలావాటికి ఖాళీగా కొడితే ఛేంబర్ అంచు దెబ్బతింటుంది కనుక, ఆ తుపాకీకి తగిన ఏర్పాటు ఉందో లేదో కూడా తెలుసుకోండి.

ప్రశ్న: .45 ఏసీపీ కేసుల్లో కొన్నిటికి ప్రైమర్ నోట్లోనే ఆగిపోతోంది. అన్నీ ఒకే రకంగా ఉన్నాయి. కారణం ఏమిటి?
– ఫీనిక్స్, అరిజోనా నుంచి ఒక పాఠకుడు

సమాధానం: అవి ఒకే రకం కావు. .45 కేసులకు మొదటినుంచీ 0.210 అంగుళాల వ్యాసమున్న పెద్ద ప్రైమరే వాడుక. కొంతకాలంగా కొన్ని కంపెనీలు 0.175 అంగుళాల చిన్న ప్రైమర్ పట్టే .45 కేసులను కూడా తయారుచేస్తున్నాయి. రేంజి నేల మీద ఏరిన ఇత్తడిలో రెండూ కలిసే ఉంటాయి. పెద్ద ప్రైమర్‌ను చిన్న పాకెట్‌లోకి బలవంతంగా నెట్టడం ప్రైమర్ ప్రెస్ మీద పేలడానికి తేలికైన దారి. కడగకముందే కేసులను తలకిందులు చేసి, పాత ప్రైమర్ల వ్యాసం చూసి రెండు డబ్బాల్లోకి వేరుచేయండి.

పెద్ద రైఫిల్ ప్రైమర్ కూడా పెద్ద పిస్టల్ ప్రైమర్ వ్యాసంలోనే ఉంటుంది, కానీ ఎత్తు ఎక్కువ; రైఫిల్ కేసుల్లో పెద్ద ప్రైమర్ పాకెట్ లోతు 0.125 అంగుళాలనుంచి మొదలవుతుంది. దాన్ని .45 కేసులో పెడితే కాళ్ళు అడుగును తాకినా వీపు పైకి పొడుచుకునే ఉంటుంది, ఎంత నొక్కినా లాభం ఉండదు. మీ కేసులు వేరుచేసిన తరువాత కూడా ప్రైమర్లు ఎత్తుగానే మిగిలితే, పెట్టె మీద పిస్టల్ అని ఉందో రైఫిల్ అని ఉందో చదవండి.